‘ప్ర’ దగ్గర

ప్రభుదాసు అని పెట్టింది అమ్మ.
ఆ పేరు చెప్పడానికి నాకు
పాత పోస్టాఫీసు నుంచి జగదాంబ దాకా
నడిచినంత సేపు పడుతుంది.

ప్రార్థన, ప్రసంగం, ప్రభువు:
నాకు కావలసినవన్నీ
ఒక్క అక్షరం వెనక తలుపేసుకుని కూర్చున్నాయి.
గడియ లోపలి వైపు ఉంది.

ఆదివారం పాస్టరు అహరోను గారు
“ఒక్కొక్కరినీ ఒక్కో పనికి పిలిచాడు దేవుడు” అన్నప్పుడల్లా
నేను గుమ్మం దగ్గర చెప్పుల వరస చూసేవాణ్ణి.
నన్నూ పిలిచే ఉంటాడు.
ఎవరు నువ్వు అని అడిగి,
నేను పేరు చెప్పేలోగా
విసిగి పక్కింటికి వెళ్లిపోయుంటాడు.

ఒకసారి సాక్ష్యం చెప్పమన్నారు.
పదకొండు నిమిషాలు నిలబడ్డాను,
గోడ గడియారం ఎదురుగానే ఉంది.
పిల్లలు కూడా నవ్వలేదు. అదే ఎక్కువ నొప్పి.
ఆ తర్వాత నుంచి
కుర్చీలు సర్దడం నా పరిచర్య.

ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో కొలువు.
రాత్రి రెండింటికి దిమ్మలు దించి, మిల్లులో వేసి,
తెల్లారేలోగా బోట్ల పొట్టల్లో పోస్తాం.
ఐసు ఏమీ అడగదు. చేప అసలే అడగదు.
పదేళ్లు హాయిగా మూగగా గడిచాయి.
వేళ్లకి స్పర్శ, బతుక్కి రుచి,
ఏది ముందు పోయిందో గమనించలేదు.

అమ్మకి డయాలసిస్ మొదలయ్యాక
కేజీహెచ్ నా కాళ్లకి వచ్చేసింది.
ఏ చీటీ మీద ఏ ముద్ర,
ఏ లిఫ్టు ఏ రోజు పడుకుంటుంది,
ఏ నర్సమ్మని అక్కా అనాలి, ఎవర్ని మేడం అనాలి.
గుడ్ ఫ్రైడేకి ముందు బుధవారం అమ్మ పోయింది.
కాళ్లు మాత్రం ఏదీ మరిచిపోలేదు.

నలభయ్యో రోజు కూడిక అయ్యాక
మందుల షాపు బాకీ తీర్చుదామని వెళ్లాను.
ఓపీ ముందు ఒక ముసలాయన
(పాంగి సోనన్న, పాడేరు అవతల ఏదో గూడెం, పేరు తర్వాత తెలిసింది)
మనవరాల్ని భుజాన వేసుకుని,
ఎక్స్‌రే చీటీ తలకిందులుగా పట్టుకుని
“ఇదెక్కడ బాబూ?” అన్నాడు.

ప్రసూతి వార్డు పక్కనుంచి అని చెప్పబోయాను.
“ప్ర… ప్ర…”
ఆయన నా నోటికేసే చూస్తున్నాడు,
మెట్ట చేను మబ్బుకేసి చూసినట్టు.
పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

ఇక లాభం లేదని పిల్లని అందుకున్నాను.
నడిచాను. ఆయన వెనకే వచ్చాడు.
ర్యాంపు, వరండా, ఎడమకి, మళ్లీ ర్యాంపు.
గది ముందు దించితే ఆయనన్నాడు:
“అందరూ చెప్పారు నాయనా.
నువ్వొక్కడివే వచ్చావు.”

మెట్ల మీద కూలబడ్డాను.
ఆయనకీ కుదిరేది కదా,
అంత ఎత్తునుంచి, అంత గొంతుతో
దారి చెప్పి ఊరుకోవడం.
చెప్పీ చెప్పీ, ఆఖరికి
లేచి వచ్చేశాడు,
మన దుమ్ములోకి,
మన కాళ్లంత కాళ్లతో.

ఇప్పుడు డ్యూటీ దిగి, చేతుల నీచు నిమ్మడిప్పతో తోముకుని
ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉంటాను.
సెక్యూరిటీ సన్యాసినాయుడు మొదట్లో బ్రోకరువా అని తరిమాడు.
ఈమధ్య తన టీలో సగం పోస్తున్నాడు.
రోజుకి ఏడుగురో, ఎనిమిదిమందో.
కొందరిని వెనక వైపు, ఆ చల్లటి గది దాకా కూడా తీసుకెళ్తాను.
చలి నాకు కొత్త కాదు.
అక్కడ మాట ఎవరికీ పెగలదు.
అక్కడ అందరికీ నత్తే.

నిన్న సోంపేట నుంచి వచ్చిన మడ్డు నీలవేణి,
మొగుడికి సూది వేసి పడుకోబెట్టాక,
బెంచీ మీద జరిగి చోటిచ్చి అడిగింది:
“నీ పేరేటి తమ్ముడూ?”

“ప్ర…”

డాల్ఫిన్ నోసు అవతల ఏదో ఓడ కూత వేసి ఊరుకుంది.
ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది,
నా వైపు తిరిగింది.

“కంగారేటి నేదు,” అంది.
“నిదానంగా సెప్పు.”